ఉదారవాదులకు ఓటు దగ్గర ఆ ఉదారం ఏమైంది?

రూంనంబర్4 (అశోక్‌నగర్) · సోమవారం రాత్రి 10:42

గ్రూప్-1 మెయిన్స్‌కి చదువుతున్నాను. యూరప్ చరిత్రలో ఉదారవాదం (లిబరలిజం) దగ్గర ఇరుక్కుపోయాను. కోచింగ్ నోట్సులో ఒకటిన్నర పేజీ ఉంది. లాక్ తండ్రి, ఆడమ్ స్మిత్ మేనమామ అన్నట్టు నాలుగు పేర్లు. కింద "వ్యక్తి స్వేచ్ఛ, రాజ్యాంగ ప్రభుత్వం, స్వేచ్ఛా వాణిజ్యం" అని మూడు పాయింట్లు. బట్టీ పట్టేయొచ్చు, ఇబ్బంది లేదు. కానీ ఒక్క చోట బుర్ర ఆగిపోయింది. ఫ్రాన్స్‌లో 1830లో గెలిచింది ఉదారవాదులే కదా. గెలిచాక మామూలు మనిషికి ఓటు ఎందుకివ్వలేదు? పద్దెనిమిదేళ్లకే జనం వాళ్ల మీదే ఎందుకు తిరగబడ్డారు? క్లాసులో అడిగితే "అంత లోతు అక్కర్లేదమ్మా, పది మార్కుల ప్రశ్న" అన్నారు. ఇక్కడ తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. పది మార్కుల కోసం కాదు, నిద్ర పట్టడం లేదు.

పాతపేపర్ (రాజమండ్రి) · సోమవారం రాత్రి 11:20

బాబూ, ముందు పేరు సంగతి చూద్దాం, మిగతాది దాని వెనకే వస్తుంది. తెలుగులో ఉదారుడంటే చెయ్యి పెద్దవాడు, దానగుణం ఉన్నవాడు. తమాషా ఏమిటంటే ఇంగ్లీషులోనూ ఫ్రెంచిలోనూ 'లిబరల్' అన్న మాటకి 1800కి ముందు వాడుకలో ఉన్న అర్థం ఇంచుమించు ఇదే. పెద్దమనిషి తరహా, ధారాళం. ఇంగ్లండు తత్వవేత్త లాక్ 1704లో పోయాడు. ఎవరైనా ఆయన్ని పట్టుకుని లిబరల్ అని ఉంటే, "నేనెవరికేమిచ్చానయ్యా" అనుకునేవాడు.

అది ఒక రాజకీయ పక్షానికి పేరుగా స్థిరపడింది ఇంగ్లండులో కాదు, ఫ్రాన్స్‌లోనూ కాదు. స్పెయిన్ దక్షిణపు కొసన ఉన్న కాడిజ్ అనే రేవులో. 1808లో నెపోలియన్ స్పెయిన్ రాజుని తీసుకెళ్లి ఫ్రాన్స్‌లో నిర్బంధించి తన అన్నని గద్దె మీద కూర్చోబెట్టాడు. దేశం దాదాపు అంతా ఫ్రెంచి సైన్యం చేతిలోకి పోయింది. మిగిలినవాళ్లు 1810 సెప్టెంబరు 24న కాడిజ్ పక్కనే ఒక నాటకశాలలో సమావేశమయ్యారు. రాజు లేడు. మరి అధికారం ఎవరిది? జాతిది అన్నారు. ఆ మాట అన్న గుంపుకి 'లిబరాలెస్' అన్న పేరొచ్చింది. పాత పద్ధతే కావాలన్నవాళ్లకి వీళ్లు పెట్టిన పేరు 'సెర్విలెస్', అంటే బానిసబుద్ధి గాళ్లు. ఆ మాటని మధ్యలో విరిచి రాస్తే స్పానిష్‌లో 'నీచంగా ఉండటం' అని వస్తుంది. ఒక కవి అలాగే విరిచి రాశాడు కూడా. చూశారా, ఉద్యమం పుట్టడమే ఎదుటివాణ్ణి వెక్కిరించడంతో పుట్టింది.

1812 మార్చి 19న రాజ్యాంగం ప్రకటించారు. మొత్తం 384 అధికరణాలు. ఆ రోజు సెయింట్ జోసెఫ్ పండగ. స్పెయిన్‌లో జోసెఫాలని ముద్దుగా పెపా అంటారు కాబట్టి జనం రాజ్యాంగానికే 'లా పెపా' అని పేరు పెట్టుకున్నారు. మనవాళ్లు అప్పలస్వామిని అప్పన్న అన్నట్టు.

ఉప్పునీళ్లు (విశాఖ, ఇప్పుడు ఎక్కడో సముద్రంలో) · మంగళవారం ఉదయం 5:15

మాస్టారూ, మీరు కాడిజ్ అనగానే లేచి కూర్చున్నాను. నేను మర్చంట్ నేవీలో ఇంజనీర్ని. రెండేళ్ల కిందట మా షిప్పు అక్కడ ఆగితే నాకు ఐదు గంటలు బయట తిరగడానికి దొరికింది. ఊరు సముద్రంలోకి చాచిన చెయ్యి లాంటిది. నేల వైపు సన్నటి దారి ఒక్కటే. ఆ దారి మూసేస్తే ఊరు కోట. ఫ్రెంచివాళ్లు రెండున్నరేళ్లు చుట్టుముట్టినా ఎందుకు లొంగలేదో అక్కడ నిలబడితే అర్థమవుతుంది. సముద్రం వైపు బ్రిటిష్ నౌకాదళం కాపలా. తిండీ మనుషులూ వార్తలూ అన్నీ ఓడల్లోనే.

రాజ్యాంగం చర్చించింది ఒక చర్చిలో. శాన్ ఫెలిపె నెరి. ఇరుకు సందులో ఉంది, వెతుక్కుంటూ రెండుసార్లు దాటిపోయాను. గోడ నిండా రాతి ఫలకాలే. ఫలానా దేశం, ఫలానా ఊరు తమ ప్రతినిధుల జ్ఞాపకంగా పెట్టినవి. దక్షిణ అమెరికా పేర్లు చూసి ఆశ్చర్యపోయాను. లోపల హాలు నలుచదరం కాదు, కోడిగుడ్డు ఆకారం. ఎక్కడ కూర్చున్నా అందరి మొహాలూ కనిపిస్తాయి. అరుచుకోవడానికి బాగా కుదురుతుంది.

రూంనంబర్4 · మంగళవారం ఉదయం 7:58

స్పెయిన్ అంటారేంటి సార్, మా నోట్సులో స్పెయిన్ పేరే లేదు! అయితే కాడిజ్‌లో అందరికీ ఓటిచ్చారా?

పాతపేపర్ · మంగళవారం ఉదయం 9:30

కాగితం మీద ఆ కాలానికి చాలామందికే ఇచ్చారు. అంచెలంచెలుగా ఎన్నుకోవడం, నేరుగా కాదు. కానీ మినహాయింపులు చూడండి. ఇంటి పనివాళ్లకి లేదు. ఆఫ్రికా మూలాలున్నవాళ్లకి పౌరసత్వమే చాలా కష్టం. 1830 నుంచి కొత్తగా ఓటు పొందేవాళ్లకి చదవడం రాయడం రావాలి. "ఉభయ గోళాల స్పెయిన్ జనం" అని మొదటి అధికరణంలో గొప్పగా రాసుకున్నారు. మళ్లీ స్పెయిన్ ఏలే అమెరికా ప్రాంతాలకి సీట్లిచ్చే తలల లెక్క తగ్గించడానికి ఆ ఆఫ్రికా నిబంధన బాగా పనికొచ్చింది. కేథలిక్ మతం తప్ప ఇంకోటి కుదరదని 12వ అధికరణం. అదే సభ మరుసటి ఏడాది ఇంక్విజిషన్‌ని, అంటే చర్చి మత విచారణ కోర్టుని, రద్దు చేసింది. ఇలాంటి మేళవింపే అది.

1814లో రాజు ఫెర్డినాండ్ తిరిగొచ్చి మే 4న మొత్తం కొట్టేశాడు. 1820 జనవరి 1న రియెగో అనే సైనికాధికారి అమెరికా వెళ్లాల్సిన పటాలంతో తిరుగుబాటు చేసి దాన్ని మళ్లీ తెచ్చాడు. మూడేళ్లు నడిచింది. ఫ్రెంచి సైన్యం వచ్చి రాజుకి అధికారం తిరిగి అప్పగించింది. రియెగోని మాడ్రిడ్‌లో 1823 నవంబరులో ఉరి తీశారు. కానీ ఆ మూడేళ్లలో ఇటలీలోని నేపుల్స్‌లో, పీడ్‌మాంట్‌లో అదే రాజ్యాంగం కావాలని తిరుగుబాట్లు. 'లిబరల్' అన్న మాట అప్పటికే యూరప్ అంతా పాకింది. ఇంగ్లండులో సంప్రదాయ పక్షమైన టోరీలు తమ ప్రత్యర్థి పక్షమైన విగ్గులని తిట్టడానికి కావాలనే స్పానిష్ స్పెల్లింగుతో 'లిబరాలెస్' అనేవాళ్లు. విదేశీ రోగం అంటించుకున్నారని ఎత్తిపొడుపు. తర్వాత ఆ విగ్గులే ఆ పేరు తగిలించుకుని తిరిగారు.

చింతచెట్టునీడ · మంగళవారం ఉదయం 10:02

చిన్న సవరణ మాస్టారూ. 1799లో నెపోలియన్ అధికారం పట్టినప్పటి ప్రకటనలోనే "ఉదార భావాలు" అన్న మాట ఉంది. కాబట్టి మొదట కాడిజ్‌లోనే అంటే పూర్తిగా కుదరదు.

పాతపేపర్ · మంగళవారం ఉదయం 10:20

ఒప్పుకుంటాను. భావాలకి విశేషణంగా ముందే ఉంది. పక్షానికి పేరుగా కాడిజ్.

లెక్కలపంతులు (గుంటూరు) · మంగళవారం మధ్యాహ్నం 1:45

తమ్ముడి అసలు ప్రశ్న ఓటు గురించి. దానికి అంకెలతో సమాధానం చెప్తాను.

1830 జులైలో రాజు పదో చార్లెస్ పత్రికల నోరు నొక్కి, సభ రద్దు చేసి, ఓటర్ల సంఖ్య ఇంకా కుదించాలని చూశాడు. మూడు రోజుల వీధి పోరాటంతో పోయాడు. పోరాడింది అచ్చుయంత్రాల పనివాళ్లు, వడ్రంగులు, తాపీవాళ్లు. వచ్చిన కొత్త రాజు లూయీ ఫిలిప్. ఆయన వెనక బ్యాంకర్లు, వకీళ్లు, పత్రికా సంపాదకులు. ఓటుకి ఏడాదికి 300 ఫ్రాంకుల ప్రత్యక్ష పన్ను కట్టాలన్న నిబంధనని 200కి దించారు. పోటీ చేయాలంటే 500 కట్టేవాడై ఉండాలి. 1847 నాటికి ఓటర్లు సుమారు 2.4 లక్షలు. దేశ జనాభా సుమారు 3.5 కోట్లు. అంటే నూట నలభై ఐదు మందికి ఒక్క ఓటు.

దీన్ని వాళ్లు సిగ్గుపడుతూ సమర్థించుకోలేదు, ధైర్యంగానే చెప్పారు. వాళ్ల రచయిత బెంజమిన్ కాన్‌స్టంట్ వాదన ఇది: రాజకీయం ఆలోచించడానికి తీరిక కావాలి, తీరిక ఆస్తి ఉన్నవాడికే ఉంటుంది, పూట గడవనివాడు అమ్ముడుపోతాడు. ప్రభుత్వాన్ని నడిపిన గిజో మాట ఇంకాస్త ముందుకి పోయింది. ఓటు అనేది హక్కు కాదు, సామర్థ్యం. కావాలంటే కష్టపడి పొదుపు చేసి సంపాదించుకోండి, 200 ఫ్రాంకుల పన్ను కట్టే స్థాయికి రండి, ఓటు దానంతట అదే వస్తుంది. ఆయన పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే "ధనవంతులు కండి" అన్న మాట ఈ ధోరణిలోదే.

కాబట్టి తమ్ముడూ, మీ నోట్సులో లేని సంగతి ఇది. వాళ్లకి ఉదారవాదం వేరు, ప్రజాస్వామ్యం వేరు. ఆ రెండు మాటలూ కలిపి ఒకే ఊపిరిలో అనడం మన అలవాటు. 1840లో ఒక ఉదారవాదిని డెమోక్రాట్ అంటే కోపం వచ్చేది.

బందరుబీచ్ · మంగళవారం మధ్యాహ్నం 2:10

అంటే మన దగ్గర "చదువుకున్నవాళ్లకే ఓటుండాలి" అని వాట్సాప్‌లో పెట్టే మా బాబాయి 1840 నాటి ఫ్రెంచి ఉదారవాది అన్నమాట. ఆయనకి చెప్తే మురిసిపోతాడు.

పాతపేపర్ · మంగళవారం సాయంత్రం 6:40

ఇప్పుడు 1848. ఇది నాకిష్టమైన ఘట్టం, కాస్త ఓపిక పట్టండి.

రాజకీయ సభలు పెట్టుకోనివ్వరు. కానీ భోజనానికి పిలుచుకుంటే తప్పేముంది? మన దగ్గర కార్తీక వనభోజనాల పేరు మీద ఏ కులంవాళ్లు ఎంతమంది, ఏ సీటు అడగాలి అన్నది తేల్చుకోరూ, అచ్చం అలాగే. 1847 జులై 9న పారిస్‌లో షాతో రూజ్ తోటలో మొదటి విందు. వెయ్యిమందికి పైగా వచ్చారు. టికెట్ కొనుక్కుని కూర్చోవాలి, తిన్నాక గ్లాసులెత్తి ఉపన్యాసాలు. ఊరూరా పాకింది. వాళ్లడిగింది పెద్దగా ఏమీ లేదు. 200 ఫ్రాంకుల గీత కాస్త దించమన్నారు. అడిగినవాళ్లూ ఉదారవాదులే, కాదన్న గిజో కూడా ఉదారవాదే.

1848 ఫిబ్రవరి 22న పారిస్‌లో జరగాల్సిన విందుని ప్రభుత్వం నిషేధించింది. నిర్వాహకులు భయపడి మానేశారు. టికెట్ కొనే స్థోమత లేనివాళ్లు మాత్రం వీధిలోకొచ్చారు. 23న రాజు గిజోని తీసేశాడు. ఊరంతా దీపాలు పెట్టుకుని సంబరం. ఆ రాత్రి బులెవార్ కాప్యుసీన్‌లో విదేశాంగ శాఖ ముందు జనానికీ సైనికులకీ తోపులాట. ఒక తుపాకీ పేలింది, దాని వెంట అన్నీ పేలాయి. యాభై మంది దాకా చచ్చిపోయారు. శవాల్ని బండి మీద వేసి, కాగడాల వెలుగులో పేట పేటకీ తిప్పారు. తెల్లారేసరికి నగరమంతా అడ్డుగోడలు. 24న రాజు గద్దె దిగి, మారు పేరుతో ఇంగ్లండు పారిపోయాడు. ఆ పేరు మిస్టర్ స్మిత్. కల్పన కాదు, నిజమే.

దాంతో ఓటర్లు ఒక్కసారిగా 2.4 లక్షల నుంచి 90 లక్షలు దాటారు. మగవాళ్లందరికీ. ఏప్రిల్ 23, ఈస్టర్ ఆదివారం ఎన్నిక. ఆ ఎన్నికలో తానే అభ్యర్థి అయిన రచయిత టోక్‌విల్ ఆ రోజు తన ఊరి జనంతో కలిసి పొరుగూరికి నడిచి వెళ్లి ఓటేశాడు. రైతులందరూ అక్షర క్రమంలో వరసగా నిలబడి నడిచారట, ఆయన తన అక్షరం వచ్చే చోట నిలబడ్డాడు. ఊరి బయట గట్టు దగ్గర ఆగి ఆయన్ని మాట్లాడమన్నారు. దారిలో ఎవరి మాటా వినొద్దు, అందరం కలిసే ఉందాం అని చెప్పాడు. ఓట్లు దాదాపు అన్నీ ఒకే మనిషికి పడ్డాయని ఆయనే రాసుకున్నాడు. ఎవరికి పడ్డాయో చెప్పక్కర్లేదనుకుంటాను.

నేనులిబరలే (హైదరాబాద్) · మంగళవారం రాత్రి 9:05

అందరూ కలిసి పాపం వాళ్లని ఉతికేస్తున్నారు కాబట్టి ఒక్కణ్ణి ఆ పక్షాన నిలబడతాను. భయపడ్డారు, నిజమే. కానీ భయం ఉత్తదా? అదే 1848 డిసెంబరులో అదే 90 లక్షల ఓటర్లు అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటే నెపోలియన్ అన్న కొడుకో తమ్ముడి కొడుకో కూడా సరిగ్గా తెలియకుండా, ఆ ఇంటిపేరు చూసి లూయీ నెపోలియన్‌కి నాలుగింట మూడు వంతుల ఓట్లు గుద్దేశారు. మూడేళ్లకి అతను సభని మూసేసి, తర్వాత చక్రవర్తయి కూర్చున్నాడు. ఇంటిపేరు చూసి ఓటేయడం గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా!

పైగా ఉదారవాదులు ఇచ్చినవి, పోరాడి తెప్పించినవి లెక్కపెట్టండి. పత్రికా స్వేచ్ఛ, జ్యూరీ, బడ్జెట్ మీద సభకి అధికారం. ఇంగ్లండులో కేథలిక్కులకి 1829లో పార్లమెంటు తలుపు తెరుచుకుంది, యూదుడైన లయనెల్ రాత్‌చైల్డ్ ఎన్నిసార్లో గెలిచి చివరికి 1858లో కూర్చోగలిగాడు. రహస్య బ్యాలెట్ లిబరల్ ప్రధాని గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం 1872లో తెచ్చింది. అంతకు ముందు భూస్వామి ముందు నిలబడి పైకి చెప్పి ఓటేయాలి. అది లేకుండా అందరికీ ఓటిచ్చి ఏం లాభం?

చింతచెట్టునీడ · మంగళవారం రాత్రి 9:12

తమ్ముడి కొడుకు. అతని తండ్రి లూయీ బోనపార్ట్ నెపోలియన్‌కి తమ్ముడు.

జర్మనీలోఎమ్మెస్ (ఫ్రాంక్‌ఫర్ట్) · మంగళవారం రాత్రి 11:50

ఉప్పునీళ్లు అన్నా, మీ కోడిగుడ్డు చర్చికి మా ఊళ్లో చెల్లెలుంది. ఇక్కడ పౌల్స్‌కిర్షె కూడా గుడ్డు ఆకారమే! 1848 మే 18న జర్మనీ మొత్తానికీ మొదటి ఎన్నికైన సభ అందులోనే కూర్చుంది. నా యూనివర్సిటీ బస్సు దారిలోనే ఉంటుంది. 1944 బాంబుల్లో కాలిపోతే సాదాసీదాగా మళ్లీ కట్టారు. లోపల చూడటానికి పెద్దగా ఏం లేదు, తెల్ల గోడలు, జెండాలు.

అందులో కూర్చున్నది ఎక్కువమంది జడ్జిలు, ఉద్యోగులు, వకీళ్లు, ప్రొఫెసర్లు. హక్కుల జాబితా చాలా చక్కగా రాశారు. రాసి, 1849 ఏప్రిల్‌లో జర్మనీ కిరీటం పట్టుకెళ్లి జర్మన్ రాజ్యాల్లో ఒకటైన ప్రష్యా రాజుకిస్తే "మీ చేతి నుంచి నాకొద్దు" అన్నాడు. సైన్యం అతని దగ్గరుంది, వీళ్ల దగ్గర కాగితం ఉంది. అంతే, కథ ముగిసింది.

కానీ ఓటు ప్రశ్నకి అసలు దెబ్బ తర్వాత పడింది. ప్రష్యాలో మూడు తరగతుల ఓటు. ఊళ్లో మొత్తం పన్నుని మూడు భాగాలు చేస్తారు. మొదటి భాగం కట్టే నలుగురైదుగురు ఆసాములకి ఎంత ఓటు బలమో, ఆఖరి భాగం కట్టే వందలమందికీ అంతే. ఈ పద్ధతిలోనే 1860ల్లో ఉదారవాదులు ఊడ్చిపెట్టి గెలిచారు! సైన్యానికి డబ్బివ్వం అన్నారు. 1862లో ప్రధానిగా బిస్మార్క్ వచ్చి నాలుగేళ్లు బడ్జెట్ ఆమోదం లేకుండానే పన్నులు వసూలు చేశాడు. 1866 జులై 3న ఆస్ట్రియా మీద యుద్ధం గెలిచాడు. రెండు నెలలకి అదే సభ 230-75 ఓట్లతో అతను చేసిన తప్పులన్నీ మాఫీ చేసింది. గెలిచినవాడితో ఎవడు తగువు పెట్టుకుంటాడు? పార్టీ రెండు ముక్కలైంది.

ఆ తర్వాత బిస్మార్క్ ఏం చేశాడో చూడండి. 1867లో ఉత్తర జర్మనీ సభకి మగవాళ్లందరికీ ఓటిచ్చేశాడు. ప్రజల మీద ప్రేమతో కాదు, ఊరి రైతులు రాజుకి ఓటేస్తారు, ఈ వకీళ్ల పీడ వదులుతుందని.

లెక్కలపంతులు · బుధవారం ఉదయం 6:30

అదీ సంగతి! నేను రాద్దామనుకుంది మీరే రాశారు. ఇంకో రెండు కలపండి. ఫ్రాన్స్‌లో 1850లో భయపడిన సభ సుమారు 30 లక్షల ఓట్లు కోసేస్తే, 1851 డిసెంబరు 2న కుట్రతో అధికారం పట్టిన లూయీ నెపోలియన్ వాటిని తిరిగిచ్చేశాడు. ఇంగ్లండులో పట్టణ కార్మికుల్లో చాలామందికి 1867లో ఓటు తెచ్చింది కన్జర్వేటివ్ డిజ్రేలీ. మూడు దేశాల్లోనూ ఓటిచ్చింది ఉదారవాదుల ప్రత్యర్థులే. తమ్ముడూ, పరీక్షలో ఇది ఒక్కటి రాయి, దిద్దేవాడు పెన్ను పక్కన పెట్టి చదువుతాడు.

నేనులిబరలే · బుధవారం ఉదయం 8:15

మంచి పాయింటే, కాదనను. కానీ ఆ ఓటుతో బిస్మార్క్‌ని దింపగలిగారా? లేదు. మంత్రిని దింపే అధికారం సభకే లేదు. లూయీ నెపోలియన్ కాలంలో అభ్యర్థిని కలెక్టరే చూపించేవాడు. ఇంగ్లండులో ఓటు పనిచేసింది ఎందుకంటే సభ చేతిలో ప్రభుత్వం ఉంది కాబట్టి. ఆ పని విగ్గులూ లిబరల్సూ చేసిపెట్టారు. 1859 జూన్ 6న లండన్‌లో విల్లిస్ రూమ్స్ అనే హాల్లో విగ్గులు, రాడికల్స్, టోరీల నుంచి చీలిన పీల్ అనుచరులు చేతులు కలిపిన దగ్గర్నుంచే పార్టీగా లిబరల్ పార్టీ లెక్క.

సీమపెద్దాయన (బళ్లారి దగ్గర) · బుధవారం ఉదయం 10:40

అందరూ ఓటు గురించే మాట్లాడుతున్నారు, నేను తిండి గురించి మాట్లాడతాను.

1846లో ఇంగ్లండులో ధాన్యం మీద దిగుమతి సుంకం ఎత్తేశారు. మాంచెస్టర్ నుంచి కాబ్డెన్, బ్రైట్ ఏళ్ల తరబడి పోరాడారు. రొట్టె చవకవ్వాలి, భూస్వాముల దోపిడీ పోవాలి. మంచి మాటే. కానీ ఆ మాటే కొందరికి వేదవాక్కైపోయింది. సరిగ్గా అప్పుడే ఐర్లండులో బంగాళదుంప కుళ్లి జనం చస్తుంటే, లండన్‌లో విగ్గు ప్రభుత్వం మార్కెట్టులో వేలు పెట్టకూడదని నసిగింది. సహాయం లెక్కలు చూసిన ఖజానా అధికారి చార్లెస్ ట్రెవెల్యన్. ఆయనే 1859లో మన మద్రాసుకి గవర్నరుగా వచ్చాడు.

ఇక 1876-78. మా ఊళ్లో ముసలివాళ్లు ధాత కరువు అనేవాళ్లు, ధాత నామ సంవత్సరంలో మొదలైంది కనుక. బళ్లారి, కర్నూలు, కడప మాడిపోయాయి. వైస్రాయ్ లిట్టన్ ధాన్యం ధరల్లో జోక్యం ఉండకూడదన్నాడు. ఎగుమతులు ఆగలేదు. సహాయ పనుల్లో చేరిన మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, అంటే మన 450 గ్రాములు, పైన కొన్ని పైసలు. దాని మీద మట్టి మొయ్యాలి. కరువు పని చూడటానికి వచ్చిన అధికారి రిచర్డ్ టెంపుల్ పెట్టిన కూలి అది, ఇప్పటికీ ఆయన పేరుతోనే చెప్తారు. ఆ కూలితో మనిషి బతకడని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ గట్టిగా కొట్లాడాడు కాబట్టి తర్వాత మద్రాసులో కొంచెం పెంచారు. బ్రిటిష్ ఇండియాలో పోయినవాళ్లు 50 లక్షలకి పైనే.

మా తాతకి వాళ్ల తాత చెప్పిన సంగతి: చీమల పుట్టలు తవ్వి చీమలు దాచుకున్న గింజలు ఏరుకున్నారంట. స్వేచ్ఛా వాణిజ్యం అన్న మాట వినగానే నాకదే గుర్తొస్తుంది.

నేనులిబరలే · బుధవారం ఉదయం 11:30

పెద్దాయనా, మీ బాధ అర్థమైంది. ఒక్క మాట, లిట్టన్‌ని పంపింది డిజ్రేలీ. కన్జర్వేటివ్ మనిషి.

సీమపెద్దాయన · బుధవారం ఉదయం 11:52

తెలుసు నాయనా. అందుకే చెప్తున్నా. అప్పటికి ఆ సిద్ధాంతం ఒక్క పార్టీది కాదు, దొరలందరి బుర్రల్లోకీ ఎక్కేసింది. పార్టీ గెలిచిందా అంటే లేదు, దాని ఆర్థిక సూత్రం గెలిచింది. ఇంకో సంగతి. స్వేచ్ఛ మీద 1859లో అంత గొప్ప పుస్తకం రాసిన మిల్, ముప్పై ఐదేళ్లు లండన్‌లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. ఆ పుస్తకం మొదట్లోనే, ఇంకా ఎదగని జాతులకి నిరంకుశ పాలన తగినదే అని రాశాడు. ఆ ఎదగని జాతి ఎవరో మనకి అర్థమవుతుంది.

గోరింటాకు · బుధవారం మధ్యాహ్నం 3:20

అన్నయ్యలందరూ "అందరికీ ఓటు" అంటున్నారు, మధ్యలో ఒకరిద్దరే "మగవాళ్లకి" అని గుర్తుపెట్టుకున్నారు. థాంక్స్.

అదే మిల్ పార్లమెంటులో ఉండగా 1867 మే 20న ఓటు చట్టంలో 'మగవాడు' అన్న మాట తీసి 'వ్యక్తి' అని పెట్టమన్నాడు. 73 మంది అవునన్నారు, 196 మంది కాదన్నారు. తర్వాత అదే లిబరల్ పార్టీ ప్రధాని ఆస్క్విత్ ఏళ్ల తరబడి అడ్డుపడ్డాడు. ఇంకా తమాషా స్పెయిన్‌లో. 1931లో సభలో ఉన్నదే గుప్పెడు ఆడవాళ్లు. క్లారా కాంపొఅమోర్ ఓటివ్వాలంది, విక్టోరియా కెంట్ ఇప్పుడొద్దంది. కెంట్ వాదన, ఆడవాళ్లు పూజారుల మాట విని రిపబ్లిక్‌కి వ్యతిరేకంగా వేస్తారని. గిజో పేదవాడి గురించి అన్నట్టే ఇదీ. అక్టోబరు 1న 161-121తో కాంపొఅమోర్ గెలిచింది. కానీ తన సొంత పార్టీ వాళ్లే చాలామంది ఆమె వైపు నిలబడలేదు.

ఉప్పునీళ్లు గారి కాడిజ్ దేశంలోనే ఇది జరగడం నాకు నచ్చింది.

కోపెన్‌హేగన్‌కాకి · బుధవారం సాయంత్రం 5:00

చరిత్ర నాకు తెలియదు కానీ ఇక్కడి తికమక చెప్తాను. మా ఆఫీసులో ఎన్నికలప్పుడు "నేను వెన్‌స్ట్రే" అన్నాడొక కొలీగ్. వెన్‌స్ట్రే అంటే డేనిష్‌లో ఎడమ. ఓహో వామపక్షం అనుకుని జీతాల గురించీ యూనియన్ల గురించీ ఉత్సాహంగా మాట్లాడేశాను. మనిషి మొహం మాడిపోయింది. తీరా చూస్తే అది పన్నులు తగ్గించమనే రైట్ సైడ్ లిబరల్ పార్టీ! 1870లో రైతులు పెట్టుకున్నప్పుడు రాజు పక్షానికి ఎడమవైపు కూర్చున్నారు, పేరు అప్పటిది. వాళ్ల నుంచి 1905లో విడిపోయినవాళ్లు 'రాడికల్ ఎడమ'. వాళ్లు మధ్యలో ఉంటారు. నిజంగా ఎడమ ఉన్నవాళ్లకి వేరే పేర్లు. టెన్షన్ పడకండి, నాలుగేళ్లయినా నాకూ అలవాటు కాలేదు.

జూన్ 5 మాత్రం మాకు సెలవు. 1849 రాజ్యాంగం రోజు.

అడ్మిన్_కాకినాడ · బుధవారం సాయంత్రం 6:15

చర్చ బాగుంది. ఇప్పటి మన పార్టీల పేర్లు లాగి పెట్టిన మూడు కామెంట్లు తీసేశాను. ఎవరివో వాళ్లకి తెలుసు. 1924 దాటి ముందుకి రావద్దని మనవి.

పాతపేపర్ · బుధవారం రాత్రి 8:30

అడ్మిన్ గారు 1924 అన్నారంటే ఆయనకీ విషయం తెలిసినట్టే. ఆ ఏడాది బ్రిటన్‌లో లిబరల్స్‌కి వచ్చినవి 40 సీట్లు. 1906లో 400 దాకా వచ్చిన పార్టీ! మొదటి ప్రపంచ యుద్ధం, పార్టీ నాయకులు ఆస్క్విత్-లాయిడ్ జార్జ్‌ల కొట్లాట, కొత్తగా ఓటొచ్చిన కార్మికుడు లేబర్ వైపు పోవడం, అన్నీ కలిసొచ్చాయి.

కానీ పోయేముందు ఒక పని చేసి పోయారు. ఆస్తి ఉన్నవాడికే తీరిక అన్న కాన్‌స్టంట్ వాదనని తిరగేశారు. పేదవాడికి స్వేచ్ఛ లేకపోవడానికి కారణం పేదరికమే అయితే, ఆ అడ్డు తీయడం ప్రభుత్వం పని కదా అన్నారు. 1909 జనవరి 1న మొదటి వృద్ధాప్య పింఛను. డెబ్బై దాటిన పేదవాళ్లకి వారానికి 5 షిల్లింగులు, పోస్టాఫీసులో. మన ముసలివాళ్లు ఒకటో తారీఖున పింఛను కోసం చూసే చూపు ఆ రోజు అక్కడి పల్లెటూళ్లలోనూ ఉండి ఉంటుంది. ఆ ఖర్చుకి లాయిడ్ జార్జ్ భూముల మీద, పెద్ద ఆదాయాల మీద పన్ను వేస్తే ప్రభువుల సభ బడ్జెట్‌నే తిప్పికొట్టింది. రెండు ఎన్నికలయ్యాక 1911లో ఆ సభ కోరలు పీకారు.

అమెరికాలో లిబరల్ అంటే పేదల వైపు, యూరప్‌లో చాలాచోట్ల లిబరల్ అంటే మార్కెట్టు వైపు అని ఎవరైనా తికమకపడితే, ఆ చీలిక మొదలైంది ఇక్కడే. ఒకే చెట్టుకి రెండు కొమ్మలు. అమెరికావాళ్లు ఒకటి పట్టుకున్నారు, కోపెన్‌హేగన్‌వాళ్లు ఇంకోటి.

బందరుబీచ్ · బుధవారం రాత్రి 9:10

మనవాళ్లెవరూ లేరా ఈ కథలో?

చింతచెట్టునీడ · బుధవారం రాత్రి 9:40

ఉన్నారు. విజయనగరంలో పుట్టిన చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణి అలహాబాదులో లీడర్ పత్రిక నడిపి, భారత లిబరల్ ఫెడరేషన్‌కి అధ్యక్షుడయ్యారు. పానగల్ రాజా, బొబ్బిలి రాజా నడిపిన జస్టిస్ పార్టీ అసలు పేరు సౌత్ ఇండియన్ లిబరల్ ఫెడరేషన్. జమీందార్లు లిబరల్స్ ఏమిటని నవ్వకండి, విగ్గులూ జమీందార్లే.

అంతకంటే ముందు రామమోహన్ రాయ్. నేపుల్స్‌లో ఆ కాడిజ్ రాజ్యాంగం కూలిపోయిందన్న వార్త 1821లో కలకత్తా చేరితే, మనసు బాగాలేదని ఆ సాయంత్రం ఒక పత్రికా సంపాదకుడితో ఉన్న అపాయింట్‌మెంట్ మానుకున్నాడు. కాడిజ్ రాజ్యాంగం ప్రతి ఒకటి ఆయన ఉదారవాదానికి అంకితమని స్పానిష్‌లో అచ్చయి వచ్చింది. 1832లో లండన్‌లో ఉండి, అక్కడి ఓటు సంస్కరణ బిల్లు ఓడిపోతే ఈ దేశంతో తెగతెంపులే అన్నాడు.

రూంనంబర్4 · బుధవారం రాత్రి 11:55

అందరికీ దండాలు. ఐదు పేజీలు రాసుకున్నాను, పది మార్కులకి ఎక్కడ కుక్కాలో తెలియడం లేదు. ఓటిచ్చింది ప్రత్యర్థులు అన్నది మొదట పెడుతున్నా, పెద్దాయన చెప్పిన ధాత కరువు చివర. ఒక్క డౌటు: రామమోహన్ రాయ్ సంగతి యూరప్ పేపర్లో రాయాలా, ఇండియా పేపర్లోనా?

లెక్కలపంతులు · గురువారం ఉదయం 5:50

రెండిట్లోనూ రాయి. ఇద్దరు దిద్దేవాళ్లూ ఒకరినొకరు అడుగుతారేంటి.

ఉప్పునీళ్లు · గురువారం ఉదయం 6:20

వచ్చే నెల షిప్పు అల్జీసిరాస్‌లో ఆగుతుందట. సెలవు దొరికితే కాడిజ్ పోయి ఆ గోడ మీది ఫలకాలన్నీ ఫోటో తీసి పెడతాను. ఈసారి సందు దాటిపోను.